సూది కోసం వెళ్లిన రోజు

మొన్న ఒకావిడ పెళ్లి జాకెట్టు పని ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. చంకలో ఏడాది దాటిన పాప. తల్లి నాకు ఫోన్లో డిజైన్లు చూపిస్తుండగా పాప నేల మీదికి జారి, పాక్కుంటూ నా మగ్గం కిందికి చేరి, అక్కడ మెరుస్తున్న దేన్నో రెండు వేళ్లతో పట్టుకుంది. నేను ఎప్పుడు లేచానో, ఎలా దూకానో నాకు తెలియదు. తెలిసేసరికి పాప నోట్లో నా వేలుంది, పాప గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది. "ఏందక్కా, చమ్కీయే గదా! గట్ల గుంజుతరా పిల్లను?" అంది. నిజమే, చమ్కీయే. సారీ చెప్పి, పాప చేతిలో బిస్కెట్టు పెట్టి, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్లాను. గిన్నె పొయ్యి మీద పెట్టాక చూసుకుంటే, పాప నోట్లోంచి లాగిన చమ్కీ ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. మా చిన్నోడికి ఇప్పుడు నూనూగు మీసాలొస్తున్నాయి. ఆ సంగతి నా చేతులకు ఇంకా తెలిసినట్టు లేదు.

అప్పట్లో మేము నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఆ ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో షిఫ్టులు చేసేవాడు. ముందు గదిలో సగం నా మగ్గానిదే. మగ్గమంటే బట్టలు నేసేది కాదు. మంచమంత చెక్క చట్రానికి జాకెట్టు బట్టను డప్పు తోలులా బిగించి, దాని మీద పూసలు, చమ్కీలు, జరీ కుట్టడం నా పని. మిగిలిన సగంలో టీవీ, బీరువా, అత్తమ్మ మంచం, ఆ మంచం మీద అత్తమ్మ. ఇక పిల్లలకు మిగిలింది మగ్గం కిందే. ఐదేళ్ల మా పెద్దది అక్కడే బొమ్మలకు పెళ్లిళ్లు చేసేది. ఏడాదిన్నర చిన్నోడు అక్కడే నిద్రపోయేవాడు. పైన ఎర్ర జాకెట్టుంటే వాడి మొహం ఎర్రగా, పచ్చదుంటే పచ్చగా కనిపించేది. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు పంటికింద రాయి తగిలితే ఎవరూ బియ్యాన్ని తిట్టేవారు కాదు, పూస అనుకుని ఊసేసేవారు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుంటే వాడి బుగ్గ మీద అంటుకున్న చమ్కీ తళుక్కుమని, పాస్టరమ్మ కళ్లు మూసుకోవడం మానేసి నవ్వింది. "ఇది ఇల్లా, కార్ఖానానా? పోరలు పండే కాడ సూదులేంది?" అని అత్తమ్మ రోజూ సణిగేది. సణుగుతూనే, సాయంత్రం కాగానే ఒక అయస్కాంతం ముక్క పట్టుకుని నేలంతా తడిమి, పడిపోయిన సూదులేరి డబ్బాలో వేసేది.

అది పెళ్లిళ్ల కాలం. ఒక పెళ్లికూతురు జాకెట్టు చేతి మీద నెమలిని కుడుతున్నాను. మా ఆయన తెల్లవారే డ్యూటీకి పోయాడు. పాలు పొంగిన వాసన వస్తే వంటింట్లోకి పరుగెత్తి, స్టవ్వు ఆపి, తుడిచి తిరిగి వచ్చేసరికి మగ్గం మీద సూది లేదు. దారంతో సహా లేదు. కింద చిన్నోడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. సొల్లు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారుతోంది. దగ్గుతున్నాడు, ఏడుస్తున్నాడు, కానీ ఆ ఏడుపు వాడిది కాదు. గొంతుకు అడ్డంగా చెయ్యి పెట్టినట్టుంది.

"సూది ఏదే?" అని పెద్దదాన్ని పట్టుకుని ఊపేశాను. "నేను తియ్యలే మమ్మీ!" అని అది ఏడుపు అందుకుంది. అత్తమ్మ మంచం దిగి, అయస్కాంతంతో మూలమూలా తడిమింది. "దొరుకుతలేదు బిడ్డా" అని తలెత్తినప్పుడు ఆమె మొహంలో రక్తం లేదు. పక్కింటామె వచ్చి, "అరటిపండు మింగించు, సూదిని సుట్టుకొని దిగిపోతది" అంది. ముక్క నోట్లో పెట్టాను. వాడు మింగలేక బయటికి తోసేశాడు. నీళ్లు పోస్తే నీళ్లూ అంతే.

కింద వాటాలో ఉండే ఆటో అన్న బండి తీశాడు. నైటీ మీద చున్నీ, చెప్పులు లేని కాళ్లు, భుజాన చిన్నోడు, పక్కన అత్తమ్మ, ఆమె ఒళ్లో పెద్దది. హబ్సిగూడ చౌరస్తా దాటి ఉప్పల్ చేరేదాకా ఆటో గుంతలో పడినప్పుడల్లా సూది ఇంకొంచెం లోపలికి దిగినట్టే అనిపించింది. వాణ్ని గట్టిగా అదుముకోవాలో, వదులుగా పట్టుకోవాలో తెలియలేదు.

ఉప్పల్లో ఒక పిల్లల ఆసుపత్రిలో సిస్టర్ వచ్చి వాణ్ని నా భుజం మీద నుంచి తీసుకోబోయి, "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి చివర రక్తపు చుక్క. నా చున్నీ మడతలోంచి సూది లాగి చూపించింది. ఎర్ర దారం, దారానికి ఇంకా వేలాడుతున్న పూసలు. పాల కోసం లేస్తూ అలవాటుగా నేనే చున్నీకి గుచ్చుకున్నాను. ఆ సూదిని వాడి చెంప పక్కనే పెట్టుకుని అంత దూరం తెచ్చాను.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆటో అన్న కూడా నవ్వాడు. "సారీ సిస్టర్, సూది దొరికింది గదా, పోతం" అని లేచాను. అత్తమ్మ లేవలేదు.

"నువ్వు పోతే పో. నేను రాను. సూది నీ బట్టల దొరికింది సరే, వీని గొంతుల ఏమున్నదో నువ్వు సూసినవా? గుక్కెడు నీళ్లు దిగుతలెవ్వు పోరనికి" అంది.

"జలుబు అత్తమ్మా, రాత్రి నుంచే ఉన్నది" అన్నాను. అందరి ముందూ పరువు పోయిందన్న ఉడుకుమోతుతనం నాది. ఆమె నన్ను పట్టించుకోలేదు. సిస్టర్ వైపు తిరిగి, "ఫొటో తియ్యుండ్రి బిడ్డా" అంది.

ఎక్స్‌రే తీశాక డాక్టరు నడిచి రాలేదు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. తెర మీద పక్షి ఎముకల్లాంటి వాడి పక్కటెముకలు, వాటికి పైన తెల్లగా, గుండ్రంగా ఒకటి.

"రూపాయి బిళ్లనా సార్?"

"కాదమ్మా. అంచుకు రెండు గీతలున్నయి, చూడండి. చిన్న బ్యాటరీ ఇది. ఎప్పుడు మింగిండు?"

నాకు మాట అర్థం కాలేదు. బ్యాటరీ మా ఇంట్లో ఎక్కడిది? ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు. ఆహారం పోయే గొట్టంలో ఇరుక్కుంది, ఉన్నచోటే కాలుస్తుంది, కొన్ని గంటల్లోనే రంధ్రం పడొచ్చు, మత్తిచ్చి ఇప్పుడే తీయాలి. నా చెవుల్లోకి "కాలుస్తుంది" అన్నదొక్కటే దిగింది. అత్తమ్మ ఆపకపోతే ఇంటికి వెళ్లి, జలుబు మందు పోసి, జోకొట్టి పడుకోబెట్టి, మళ్లీ నెమలి ముందు కూర్చునేదాన్ని.

పెద్దది నా నైటీ లాగింది. "మమ్మీ, నా లైటు వెలిగే క్లిప్పుది. తమ్ముడు కొరికిండు, ఊడింది."

"మరెందుకు చెప్పలేదే?"

"నువ్వు సూది అడిగినవ్. క్లిప్పు అడగలే."

డాక్టరు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎప్పుడు కొరికిండు బంగారూ?"

"నాయినమ్మ టీవీల దేవుని వాక్యం ఇంటున్నప్పుడు."

ఆ కార్యక్రమం పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. అప్పటికి పది దాటింది. వాణ్ని లోపలికి తీసుకుపోయారు. అత్తమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. "నా కండ్ల ముంగటనే అయింది బిడ్డా. నేను టీవీ దిక్కు సూస్తున్న" అంది. ఆమె పిడికిలి విప్పబోతే అందులో అయస్కాంతం ఉంది. ఇంటి నుంచి దాన్ని వదలనే లేదు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. ఫ్యాక్టరీ యూనిఫాంలో, నెత్తిన టోపీతో పరుగెత్తి వచ్చిన మా ఆయన ఏమైందని అడిగితే పెద్దదే అంతా చెప్పింది.

బ్యాటరీని స్టీలు గిన్నెలో పెట్టి చూపించారు. చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది, ఒక వైపు నల్లగా మాడింది. లోపల పుండు పడింది కానీ రంధ్రం పడలేదు. "ఇంకాస్త ఆలస్యమైతే..." అని డాక్టరు ఆగి, అత్తమ్మ వైపు చూసి, చేతులు జోడించినంత పని చేశాడు. కొన్నాళ్లు ముక్కులో గొట్టంతోనే పాలు. ఆ తర్వాత జావ. పెళ్లికూతురు తల్లి ఆసుపత్రికే వచ్చింది. తిడుతుందనుకుని లేచి నిలబడ్డాను. "నెమలి యాడికి పోతదమ్మా, ముందు పోరన్ని సూస్కో" అని పళ్లు పెట్టి వెళ్లింది. ఇంటికి వచ్చిన పొద్దు చిన్నోడు బొంగురు గొంతుతో మొదటిసారి తనలాగే ఏడ్చాడు. ఆ ఏడుపు ఆపడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు.

అత్తమ్మ ఇప్పుడు లేదు. బతికినన్నాళ్లూ ఆ రోజు సంగతి ఎవరెత్తినా, పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది. పెద్దదాన్ని అడిగితే ఆసుపత్రిలో చేపల తొట్టి ఉండేదని, అందులో ఒక నల్ల చేప ఉండేదని చెబుతుంది, అంతే. చిన్నోడికి అసలేమీ గుర్తులేదు. వేరే ఎవరి కథో విన్నట్టు వింటూ రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు. ఒకే ఒక్క పొద్దును కాలం మాకు సమానంగా పంచలేదు. ఒకరికి చేపనిచ్చింది, ఒకరికి మౌనాన్నిచ్చింది, వాడికి ఏమీ ఇవ్వకుండా మేలు చేసింది, మిగిలిందంతా నా వాటాలో వేసి వెళ్లిపోయింది.