సునీతకు చెప్పని స్కూలు పని

నా ఆఫీసు ఒక అబద్ధం మీద నిలబడింది. ఇన్నేళ్లూ దాన్ని లోపలే మోశాను. అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర ఏదీ దాచకుండా చెప్పగలుగుతున్నాను.

సునీత, నేను ఆర్కిటెక్చర్ కలిసి చదివాం. తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టాం. గీయడం ఆమె పని. బయట తిరిగి పనులు తేవడం నాది. ఇల్లు పూర్తయ్యాక చూడటానికి వచ్చినవాళ్లు "ఎవరు గీశారు?" అని అడిగితే, నేను నవ్వుతూ సునీతను చూపించేదాన్ని. ప్రతిసారీ చూపించాల్సి వచ్చేది.

లాక్‌డౌన్ తర్వాత పనులు పడిపోయాయి. ఇల్లు కట్టుకుందామనుకున్నవాళ్లు ఆగిపోయారు. బిల్డర్లు పర్మిషన్ వచ్చేంత ప్లాన్ ఉంటే చాలు, డిజైన్ ఎందుకన్నారు. మాలాంటి చిన్న ఆఫీసులు పోటీపడి ఫీజులు తగ్గించుకున్నాయి. నల్లకుంటలో మా సీనియర్ ఒకాయన బోర్డు దించేసి, ఫర్నిచర్ షాపులో ఉద్యోగానికి చేరాడు. అది విని సునీత భయపడింది. సరిగ్గా అప్పుడే ఒక కాలేజీలో పాఠాలు చెప్పమని ఆమెను పిలిచారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. మాకు తెలిసిన పెద్దమనిషి ఊరి బయట స్కూలు కడుతున్నాడట. స్థలం సిద్ధంగా ఉంది, పని మాకే ఇస్తానన్నాడు. చదువుకునే రోజుల నుంచీ సునీతకు ఒక స్కూలు గీయాలని ఆశ. ఫోన్ పెట్టగానే ఆమెకు చెప్పాలి కదా? చెప్పలేదు.

మర్నాడు పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇద్దరం నడుస్తున్నాం. సునీత ఆగి అడిగింది.

"ఏమంటవే? బయట తిరిగేది నువ్వు, నీకే ఎరుక. మార్కెట్ లేస్తదా?"

"ఇప్పట్ల లేవదు."

"ఒక్క పెద్ద పనన్నా వచ్చేటట్టున్నదా? ఉంటే చెప్పు, ఆ నౌకరీ వద్దంట."

"ఏం లేదు సునీతా. ఉంటే నీకు చెప్పనా? నీ పాప ఇంక చిన్నది. పో, చేరు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆఫీసు నీ ఒక్కదాని మీద ఏసి పోతున్న. ఏమనుకోకే" అంది.

ఆమె వెళ్లిపోయింది. స్కూలు నేనే గీశాను. ఆమె వెళ్లాక పని అనుకోకుండా వచ్చిందని చెబితే సంతోషపడింది. ఆ స్కూలు చూసి ఇంకొందరు వచ్చారు, ఈలోగా మార్కెట్టూ లేచింది, ఆఫీసు పెద్దదైంది. అప్పటి పరిస్థితి ఎవరిని అడిగినా మార్కెట్ లేవదనే చెప్పేవాళ్లని, నేనన్నది అబద్ధం కాదని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె మార్కెట్‌తో ఆగలేదు కదా. పని ఉందా అని అడిగింది. ఉంది. నేను పాప పేరెత్తింది ప్రేమతోనా? కాదు. ఒక్కసారైనా "ఎవరు గీశారు?" అంటే నా పేరే వినపడాలని.

మొన్న సునీత ఫోన్ చేసింది. "మా కాలేజీ పిల్లలు ఈ ఏడు చదువైపోయి బయటికొస్తున్నరే. సొంతంగ ఆఫీసు పెట్టుకోవచ్చా, మార్కెట్ ఎట్లుంటదని అడుగుతున్నరు. నువ్వొచ్చి చెప్పు, నమ్ముతరు."

ఆ మాటతో నిర్ణయించుకున్నాను. ఇక ఆగకూడదు. మెత్తగా చుట్టి చెప్పకూడదు. ఏడవకూడదు. ఆదివారం విద్యానగర్‌లో వాళ్లింటికి వెళ్లి, కూర్చోకముందే మొదలుపెట్టాను. ఫోన్ ఎప్పుడు వచ్చిందీ, ఎందుకు దాచిందీ, ఏదీ మిగల్చకుండా చెప్పాను.

సునీత అడిగింది.

"అయితే క్యాంపస్‌ల నేను అడిగేటప్పటికే ఆ పని నీ చేతుల ఉన్నది?"

"ఉన్నది."

"ఏమనుకోకని నీతోని నేనన్న."

"అన్నవు."

ఆమె లేచి తలుపు తీసింది. "మా పిల్లల దగ్గరికి రాకు" అంది.

క్షమించమని అడగలేదు. అడిగితే, ఆ భారం కూడా ఆమె మీదే పెట్టినట్టయ్యేది. ఆమె మళ్లీ ఫోన్ చేయకపోవచ్చు. అది ఆమె ఇష్టం. రేపు ఆఫీసులో జూనియర్లకూ ఈ సంగతి చెబుతాను. ఆ రోజు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత నడిచాను. చెప్పేశాను.