ఒక్క వాన, మూడు ఊర్లు

యాడి పోయిందని కార్డు వచ్చింది. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి ఆమె మనుమరాలు రాసింది. "నానమ్మ దీపావళికి నాలుగు దినాల ముందు చనిపోయింది. ఆ రోజు పొద్దంత చేన్ల ఉన్నది. పొద్దుమీకి వచ్చి పండుకున్నది. మల్ల లేవలేదు. మీకు రాయమని అమ్మ చెప్పింది." దాని కింద ఇంకో వాక్యం ఉంది. "ఇక్కడ వాన లేదు. మబ్బు ఉన్నది. చలి ఇంకా రాలేదు."

చావు కబురు రాస్తూ కూడా ఆ పిల్ల వానా మబ్బూ రాయడం మరచిపోలేదు. వాళ్లింట్లో ఉత్తరం అంటే అంతే. నేను ఆ కార్డును కాటారం పక్కనున్న మా ఊళ్లో, బడికి పోయే పిల్లలకు జడలు వేసే వేళ, దువ్వెన పక్కన పెట్టి చదివాను. మా అమ్మాయి "ఏమైందమ్మా?" అని అడిగింది. కార్డు దాని చేతికే ఇచ్చాను.

యాడి అంటే లంబాడీ భాషలో తల్లి. ఆమె నా తల్లి కాదు. పన్నెండు మంది ఆడవాళ్ల కూలి ముఠాకు పెద్ద. బతుకమ్మ పండుగ దాటగానే ఆ ముఠాను తీసుకుని జనగామ దిక్కు పల్లి చేన్లు పీకడానికి వచ్చేది. అది అయ్యాక మానుకోట పోయి సొంత వరి చూసుకునేది. మహబూబాబాద్‌ను ఆమె ఎప్పుడూ మానుకోట అనే అంది. ఆ తర్వాత భూపాలపల్లి దాటి కాటారం అడవి అంచు ఊళ్లలో వరికోతలకు దిగేది. శరదృతువు అనే మాట ఆమెకు తెలియదు. కానీ ఆ రెండు నెలలు మూడు దిక్కుల మూడు తీర్లుగా ఉంటాయని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను ఆమెను మొదట చూసింది అరవై తొమ్మిదిలో. జనగామలో మా మేనమామ ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేదాన్ని. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడితే లింగాల ఘనపూర్ పక్కనున్న మా సొంతూరికి పంపేశారు. అంతా చల్లబడేదాకా మళ్లీ పంపనన్నాడు బాపు. పుస్తకాలు లేక, తోటి పిల్లలు లేక, చేసేదేమీ లేక ఒకరోజు పల్లి చేనుకు పోయాను. కూలోళ్లు వరుసలో వంగి చెట్లు పీకుతున్నారు. అద్దాల రవికలు ఎండలో మెరుస్తున్నాయి. బాపు గట్టు మీదికి రాగానే వరుస చివర నుంచి ఒకామె లేచి, "పటేల్ వచ్చింది, పటేల్ వచ్చింది" అని తనవాళ్లకు చెప్పింది.

నేను పకపకా నవ్వాను. "పటేల్ వచ్చిందట!" అని అదే యాసలో గట్టిగా అన్నాను. బాపు కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆమె కోప్పడలేదు. చేతిలోని చెట్టుకున్న మన్ను దులిపి నా దగ్గరికి వచ్చింది.

"నా మాట నవ్వొస్తదా బిడ్డా?"

నేను తల దించుకున్నాను.

"నాకు నీ మాట సగం వస్తది. నీకు నా మాట ఒకటన్న వస్తదా?"

ఆ మాట నాకు ఎంత సూటిగా తగిలిందో ఆమెకు తెలియదు. అంతకు కొన్ని నెలల ముందే మా తరగతిలో నేను "గిట్ల చేసినం సార్" అంటే, కోస్తా నుంచి వచ్చిన మా సారు ఆ మాటను సాగదీసి మళ్లీ పలికి, తరగతంతా నవ్వేదాకా ఆగాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు నేను. అదే పని చేన్లో నిలబడి నేనూ చేశాను.

ఆ సాయంత్రం మళ్లీ పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఒక మాట నేర్పమన్నాను. ఆడపిల్లను ఛోరి అంటారని చెప్పింది. అప్పటి నుంచి ఆమెకు నేను ఛోరినే అయ్యాను. తనవాళ్లంతా ఆమెను యాడి అంటుంటే నేనూ అదే అన్నాను. మా అమ్మకు ఇది నచ్చలేదు. ఆ రోజుల్లో కూలోళ్లకు మా ఇంట్లో నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. నేను కూడా అట్లాగే పోశాను. ఈ విషయం దాచుకోవాలనిపించడం లేదు.

ఆ ఏడు ఆశ్వయుజం ఎండ మా మెట్ట చెలకలను గట్టిపరిచింది. చెట్టు పీకితే తీగ చేతికొచ్చేది, కాయ మన్నులోనే తెగిపోయేది. బాపు పొద్దున్నే లేచి ఆకాశం చూసి ఉసూరుమనేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం తూర్పు నుంచి మబ్బు పట్టి రెండు గంటలు జోరుగా వాన కొట్టింది. బాపు వాకిట్లోనే తడుస్తూ నిలబడ్డాడు. తెల్లారి చెట్లు వెన్నలో నుంచి వచ్చినట్టు వచ్చాయి. సంతోషంతో ముఠాకు బెల్లం పంచాడు. ఆడవాళ్లు బెల్లం కొంగున కట్టుకున్నారు గానీ ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"మంచి వాన పడ్డది గదా యాడీ, ఏంది గిట్లున్నరు?" అన్నాను.

"మీకు మంచి వాననే ఛోరీ. గిదే వాన మానుకోటల నిన్న పొద్దుగాల్నే పడ్డది. నా అర ఎకరం వరి ఎన్ను మీదున్నది. పండుకున్నదో, నిలబడ్డదో."

"ఆడ పడ్డదని నీకెట్ల తెల్సు?"

"బస్సు దిగినాయనను అడిగిన. ఆకాశం జూస్తే ఏం తెలుస్తది? ఆడికెల్లి వచ్చినోళ్లను అడగాలె."

అప్పటిదాకా వాన అంటే మా చేను మీద పడేదే అనుకున్నాను. ఒకే వాన ఒక ఊరికి బెల్లం పంచి ఇంకో ఊరి వరిని నేలకు పండుకోబెడుతుందని ఆ పొద్దున తెలిసింది. ఆ తర్వాత ఎవరైనా "మంచి వాన" అంటే నా నోటికి ఒకటే ప్రశ్న వస్తుంది, ఎవరికి అని. ఆమె వరి ఆ ఏడు సగం పోయిందని మరుసటి ఏడాది అడిగితే చెప్పింది. ఆ సగం గురించి ఒక్క మాటే అని, మిగిలిన సగం బియ్యం ఎంత తీపిగా ఉన్నాయో చాలాసేపు చెప్పింది.

ఆరేళ్ల తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయన కాటారం పక్క ఊళ్లో బడిపంతులు. నేను బిడ్డను కని ఆ ఊరికి వచ్చేసరికి ఆశ్వయుజం. జనగామలో ఆ నెలలో ఎండ సురుక్కుమంటుంది, గాలి పొడిగా ఉంటుంది, పొద్దుమీకితే చలి చప్పున దిగుతుంది. ఉతికిన బట్ట గంటలో ఆరుతుంది. ఇక్కడ పది గంటలైనా పొగమంచు ఇంటి ముందు నుంచి కదలదు. అడవి తడి గోడల్లోకి ఎక్కుతుంది. పప్పు బూజు పట్టింది, ఉప్పు నీరయింది, బిడ్డ గుడ్డలు మూడు రోజులైనా ఆరలేదు. నేను రోజూ ఏడ్చేదాన్ని. మా ఆయన పాపం ఏం చేస్తాడు, పొయ్యి మీద గుడ్డలు ఆరబెట్టేవాడు. పెట్టె సర్దుకున్నాను. కార్తీక పున్నమికి పుట్టింటికి పోతే మళ్లీ రానని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఆ కార్తీకంలోనే తుఫాను వాన పట్టుకుంది. మా ఆయన బడి పని మీద వరంగల్ పోయి అక్కడే చిక్కుకుపోయాడు. బిడ్డకు ఎనిమిది నెలలు. జ్వరం మూడో రోజుకూ దిగలేదు. చలితో వణికేది, తర్వాత ఒళ్లు నిప్పయ్యేది. ఊళ్లో మందులిచ్చే ఆయన ఇచ్చిన గోళీలు పని చేయలేదు. నాలుగో పొద్దున అది పాలు పట్టడం మానేసింది. ఏడవడం కూడా మానేసింది. వాగు రోడ్డు మీదుగా పారుతోంది, బస్సు అవతలి ఒడ్డు నుంచే తిరిగిపోతోంది.

అప్పుడు గడప ముందు ఎవరో నిలబడ్డారు. గొంగడి కప్పుకుని యాడి. కోతలు ఆగిపోయి ముఠా ఊరి చివర ఒక కొట్టంలో ఉందట. బడిపంతులు భార్య జనగామ దిక్కు మనిషని ఎవరో అంటే చూద్దామని వచ్చిందట.

"లోపలికి రా యాడీ."

"మీ అమ్మకు తెలిస్తే?"

"అమ్మ ఆడున్నది. ఇల్లు నాది."

ఆమె లోపలికి వచ్చి బిడ్డ పొట్ట మీద అరచేయి పెట్టింది. బయటికి పోయి అర్ధగంటలో తిరిగి వచ్చింది. వెనక ఆరుగురు ఆడవాళ్లు.

"పోస్టాయన పొద్దుగాల వాగు దాటి వచ్చింది. రోడ్డు కాడ నడుముల్లోతు ఉన్నదట. పైన ఇసుక కాడ వాగు ఎడల్పు పారుతున్నది, ఆడ మోకాళ్లే. ఆయన నడిసి వచ్చిన జాగల మనం నడుద్దాం. లే ఛోరీ."

"నీళ్లు పెరిగితే?"

"పెరుగకముందే పోవాలె గదా."

ఆరుగురు చేతులు పట్టుకుని వరుస కట్టారు. నన్ను మధ్యలో పెట్టారు. యాడి బిడ్డను తన ఛాతీకి గుడ్డతో ఎత్తుగా కట్టుకుని, పైన గొంగడి కప్పి, కర్రతో ఇసుక పొడుస్తూ ముందు నడిచింది. నడి వాగులో నా కాలి కింద ఇసుక జారింది. రెండు పక్కలా రెండు చేతులు నన్ను పైకి గుంజాయి. ఆ చేతుల పట్టు ఇప్పటికీ నా మణికట్టుకు తెలుసు. ముందు నుంచి యాడి వెనక్కి చూడకుండానే అరిచింది, "నీళ్ల దిక్కు జూడకు, నా ఈపు జూడు!"

అవతలి ఒడ్డున రెండు గంటలు నిలబడితే బస్సు వచ్చింది. భూపాలపల్లిలో డాక్టరు సూది వేసి, చలిజ్వరమని, ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదని అన్నాడు. యాడి నాతోనే మూడు రోజులు ఉంది. రెండో రాత్రి తెల్లారగట్ల బిడ్డ ఆకలికి కెవ్వున ఏడ్చింది. గోడకు ఆనుకుని కునుకుతున్న యాడి ఉలిక్కిపడి లేచి నవ్వింది. "ఆకలైంది దొరసానికి" అంది. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది.

తిరిగి వచ్చాక గడప పక్కన సర్దిపెట్టిన నా పెట్టె చూసింది.

"పోతున్నవా?"

"ఈడ ఎండ లేదు యాడీ. మా జనగామల అయితే..."

"జనగామ ఎండ ఈడికి రాదు బిడ్డా. ఈడి ఎండ ఈడిదే. పదింటికి వస్తది, నాలుగింటికి పోతది. ఆ నడుమల నీ పని జేస్కో. పొద్దటి చలికి బయటికి తీయకు పిల్లను. మాపటికి యాపాకు పొగ పెట్టు. మంచం కాళ్ల కింద రాళ్లు పెట్టి ఎత్తు జెయ్. గింతే. ఇంతకంటె కష్టమైన ఊర్లున్నయి."

"మానుకోట ఎట్లుంటది మరి?"

"మానుకోట మొగని లెక్క. ఒకనాడు నవ్వుతది, ఒకనాడు ఉరుముతది. అలవాటైపోయింది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పెట్టె విప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. కానీ విప్పాను. మంచం ఎత్తు చేశాను. పదింటి ఎండ కోసం కాచుకోవడం నేర్చుకున్నాను. పొగమంచు విడిపోయే సమయంలో అడవి ఒక్కొక్క చెట్టుగా బయటపడుతుంటే బిడ్డను ఎత్తుకుని చూపించేదాన్ని. జనగామలో ఆ చోద్యం ఎక్కడిది?

ఆ తర్వాత పదేళ్లకు పైగా ప్రతి కార్తీకంలో ఆమె వచ్చేది. గొంగడి దులిపి గడప లోపల కూర్చుని మొదట జనగామ కబుర్లు చెప్పేది. మా బాపు చేన్లో మన్ను మెత్తగా ఉందా, గునుగు పూలు ఏపుగా వచ్చాయా, మా అమ్మ దగ్గు తగ్గిందా, అన్నీ. మా పుట్టింటి కబుర్లు నాకు ఉత్తరాల కంటే ముందు ఆమె నోటనే తెలిసేవి. ఒక ఏడు మా అమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి గ్లాసులో చాయ్ ఇచ్చిందని చెప్పింది. "మీ అమ్మకు ఇగ పెద్దతనం వచ్చింది" అని తనే నవ్వింది. తర్వాత నాతో తండాకు కార్డు రాయించేది. తన కొడుకుకు చెప్పాల్సిన మాట ఒకటి, రెండు ఉంటే, మిగతా అంతా ఇక్కడ మంచు ఎట్లా ఉందో, మబ్బు ఏ దిక్కు నుంచి వస్తోందో, నాలుగు రోజుల్లో అక్కడికి ఏం చేరవచ్చో. వాళ్లు వరి కోయాలా ఆగాలా అన్నది ఆ కార్డు మీద ఉండేదట. ఆమెకు చదువు రాదు. నేను రాసింది మళ్లీ చదివించుకుని, "మబ్బు అని రాసినవా? ఉత్త మబ్బా, నీళ్ల మబ్బా? అది గుడ రాయి" అనేది. మనుమరాలు అక్షరాలు కూడబలుక్కుంది ఆ కార్డుల మీదే.

పోయిన ఏడు వచ్చినప్పుడు వంగి కోయడం మానేసింది. పనలు కట్టేది. "నడుము మాట ఇంటలేదు ఛోరీ. కాళ్లు ఇంకా ఇంటున్నయి" అంది. వెళ్లేటప్పుడు మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని, అరచేయి దాని పొట్ట మీద పెట్టి చూసింది. బస్సెక్కింది.

కార్డు వచ్చిన మూడో రోజు నేనూ మా అమ్మాయీ మానుకోట పోయాం. అన్నేళ్లలో ఆ తండాకు నేను పోవడం అదే మొదలు. అక్కడి కార్తీకం ఆమె చెప్పినట్టే ఉంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం మళ్లీ నీలం. కోడలు నన్ను కౌగిలించుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత జొన్న రొట్టె పెట్టింది. ఇంట్లో తడిక మీద, పుల్లకు గుచ్చి, నా కార్డులన్నీ ఉన్నాయి.

"రేపు అత్త వరి కోస్తున్నం అక్కా. పైటాల పన్నెండింటి దాకా మబ్బు రాదట. ఖమ్మం బస్సోళ్లను అడిగిన" అంది కోడలు.

"నాకూ ఒక కొడవలి ఇయ్యి" అన్నాను.

తెల్లవారుజామున బయటికి వచ్చేసరికి గట్టు గడ్డి మీద మంచు తెల్లగా కప్పుకుని ఉంది. ముఠాలోని పన్నెండు మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నడిచారు. వాళ్ల పాదాలు పడిన చోట మంచు చెదిరి గడ్డి నల్లటి పచ్చగా బయటపడి, తెలుపు నడుమ ఒక సన్నటి దారి పొలం దాకా సాగింది. మా అమ్మాయి నా చేయి విడిపించుకుంది. చెప్పులు గట్టు మీద విడిచి, ఆ దారిలో ఒక్కొక్క అడుగు గుర్తులో తన చిన్న పాదం పెట్టుకుంటూ, చలికి భుజాలు ముడుచుకుని, వాళ్ల వెనక పోయింది.