ప్రధానమంత్రి తండ్రి పేరు వెతుక్కుంటూ యాంగోన్‌లో

ఉదయం ఆరుంపావుకి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో వీధిలోకి దిగాను. మర్నాడే తిరుగు విమానం. ఉన్నది ఒక్క రోజు, పనేమో వేల పేర్లలో ఒక పేరు వెతకడం.

ఎవరి పేరో చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఒక చిన్న దేశంలో నేను పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. అదే బడిలో భూగోళం చెప్పిన లామిన్ నాకంటే పెద్దవాడు. తర్వాత విద్యామంత్రి అయ్యాడు, ప్రధానమంత్రి అయ్యాడు, ఎనిమిదేళ్ల పాలన తర్వాత ఒక తెల్లవారుజామున సైన్యం ఆయన్ని దించేసింది. ఆయన పుట్టిన ఏడాదే తండ్రి సోరీ దర్బే తెల్లవాళ్ల పటాలంలో బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. చనిపోయాడని ఉత్తరమూ రాలేదు. ప్రతి ఎన్నికలోనూ ప్రత్యర్థులు "పారిపోయిన సిపాయి కొడుకు" అని ఎగతాళి చేసేవారు. అధికారంలో ఉండగా వాకబు చేయిస్తే ఆ పేరు జాబితాలో లేదన్నారు. ఇప్పుడు ఎనభై దాటి ఆసుపత్రి మంచం మీదున్నాడు. డాక్టర్లు ఇంకెన్నో రోజులు లేవంటున్నారు. "బర్మా మీ విశాఖకి ఎదురుగానే కదా, నీ కళ్లతో ఒకసారి చూసి రా" అని ఫోన్లో అడిగితే కాదనలేకపోయాను.

నాకు బస ఇచ్చింది దా పైడమ్మగారు. అక్కడ పెద్దావిణ్ణి 'దా' అని గౌరవంగా పిలుస్తారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. బయల్దేరబోతుంటే నా సంచిలోకి చూసి కంగారుపడ్డారు. లామిన్ చెబుతుండగా నేను రాసుకున్న ఆయన జీవితం, ఎనిమిది కాగితాలు. సైన్యం దించేసిన వైనమంతా అందులోనే ఉంది. బర్మాలోనూ ఇప్పుడు పాలన సైన్యానిదే.

"ఏటి బాబూ, ఈ కాయితాలట్టుకుని రోడ్డెక్కుతారేటి? దారిలో సిపాయిలు సంచులిప్పిస్తారు. మీరు ఇమానమెక్కి ఎల్లిపోతారు, నానిక్కడే ఉండాల."

నాకు సిగ్గేసింది. కాగితాలు బియ్యం డబ్బాలోకి వెళ్లాయి. లామిన్ ఫోటో మాత్రం ఉంచుకున్నాను. పైడమ్మగారు నాకు తోడొచ్చారు.

వీధి చివర మొహింగా తిన్నాం, అంటే చేపల పులుసులో సన్న సేమ్యా. ఆవిడ తిన్నారు, నేను కెలికాను. ఏడింటికి బస్సు, టిక్కెట్టు మన పది రూపాయలకి మించదు. యుద్ధ సమాధులున్న తౌక్‌చాన్ ఉత్తరాన రెండు గంటల దారి. ఉదయం వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు.

ఊరు దాటుతుండగా బస్సు ఆపారు. ఒక సిపాయి నా సంచి ఇప్పించి ఫోటో బయటికి తీశాడు. తెల్లటి నిలువంగీలో లామిన్, వెనక వరసగా సైనికులు. ఎవరని అడిగి ఉంటాడు. నాకు ఆ భాష రాదు. పైడమ్మగారే బర్మా భాషలో ఏదో నెమ్మదిగా చెప్పారు. సిపాయి ఒక్క క్షణం చూసి, ఫోటోని రెండు చేతులతో తిరిగిచ్చాడు.

బస్సు కదిలాక ఏం చెప్పారని అడిగాను.

"ఈయన నాయన మీలాంటి సిపాయే, ఇక్కడే పోయాడు, దణ్ణమెట్టడానికెల్తన్నాం అన్నాను. అబద్దమేటుంది?"

అది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

తొమ్మిదిన్నరకి చేరాం. ప్రవేశం ఉచితం. పచ్చిక నడుమ ఎత్తైన రాతి స్తంభాలు, వాటి నిండా సమాధి కూడా దొరకని వాళ్ల పేర్లు. అక్కడ ఉంచిన పేర్ల పుస్తకంలో దర్బే కోసం మూడుసార్లు వెతికాను. లేడు. పదకొండున్నర అయింది. పేరు ఉందని అబద్ధం చెప్పేద్దామా అని కూడా ఆలోచించాను. చచ్చిపోతున్న మనిషికి ఏ నోటితో చెప్పను?

పైడమ్మగారు పక్కన కూలబడి అన్నారు: "మా ఇంటిపేరు బారువ. అది మా ఊరు, బాబూ. మా తాత ఓడ దిగితే మేస్త్రీ ఏ ఊరని అడిగి అదే రాసేసినాడు. అసలు ఇంటిపేరేటో మాకే తెల్దు. పటాలంలో మాత్రం ఏరేగా రాస్తారేటి? ఆల ఊరేటి?"

మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే. తెలుగువాణ్ణయ్యుండీ నాకు తట్టలేదు! ఊరు ఏదో వెతుక్కోనక్కర్లేదు. లామిన్ ప్రతి ఉపన్యాసమూ "నేను తింబోలా మనిషిని" అనే మొదలుపెట్టేవాడు.

మళ్లీ పేజీలు తిప్పాను. సోరీ తింబోలా. లామిన్ చెప్పిన పటాలమే. పక్కన భార్య పేరు కద్యా. అది లామిన్ తల్లి పేరే; ఆ కాగితాల్లో నా చేత్తో రాశాను. స్తంభం మీద ఆ అక్షరాలు దొరికాక పైడమ్మగారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను.

అక్కడ నెట్ లేదు. మూడింటికి ఊళ్లోకి తిరిగొచ్చి పబేడాన్ పేటలో ఒక బిర్యానీ కొట్లో కూర్చుని ఫోటోలు పంపాను. రాత్రి దాకా జవాబు లేదు. ఆలస్యమైపోయిందేమోనని అన్నం సహించలేదు. కాగితాలు వెంట తీసుకెళ్లే ధైర్యం చాలక పైడమ్మగారి పొయ్యిలో పడేసి కాల్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, కలకత్తా విమానం వరసలో ఉండగా ఫోన్ మోగింది. లామిన్. గొంతు బాగా నీరసించింది.

"నర్సు చేత నాన్న పేరు మూడుసార్లు చదివించుకున్నాను. ప్రధానిగా ఏటా సిపాయిల స్మారకం దగ్గర పూలు పెట్టేవాణ్ణి, గుర్తుందా? తల వంచింది గౌరవంతో కాదు, సిగ్గుతో. ఎన్నికల్లో వాళ్లన్న మాట నేనూ నమ్మాను. నాన్న నన్ను క్షమిస్తాడంటావా?"

క్షమిస్తాడన్నాను. లైను తెగిపోయింది.

యాంగోన్ ఎలా ఉందని ఇప్పుడు అందరూ అడుగుతారు. భయంగా ఉంది, మనుషులు మంచివాళ్లు. అంతకు మించి చెప్పలేను. విమానం సముద్రం మీదికి వచ్చాక ఏడుపు ఆపుకోలేకపోయాను. పక్క సీటాయన విమానమంటే భయమా అని అడిగాడు. అవునన్నాను.