వన్స్‌మోర్ పద్యం, పెద్దమ్మ ముఖం

వీడియో క్యాసెట్ డబ్బా మూత తీస్తే ముందు బూజు వాసన, దాని వెనకే ఎప్పటిదో బత్తాయి తొక్క వాసన ముక్కుకు తగులుతాయి. పెద్దనాయిన దాన్ని పండ్ల మార్కెట్ అట్టపెట్టెలో దాచాడు మరి. అందులోని నాటకం ఏనాడో నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో నేను నాటకం నేర్పే మేడమీది గదికి కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా ఆ డబ్బాను కూడా పట్టుకుపోతాను. ఆ వాసన లేకుండా ఆ నాటకం చూపించడం నాకు చేతకాదు.

మా నాయిన, పెద్దనాయిన నల్లగొండ దిక్కు ఊరు విడిచి వచ్చి కొత్తపేటలో ఒకే ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లు. పొద్దున బత్తాయి కుప్పల మధ్య నిలబడి వేలంపాట పాడిన గొంతుతోనే పెద్దనాయిన సాయంత్రం హార్మోనియం ముందేసుకుని నాటకం పద్యాలు ఎత్తుకునేవాడు. వానాకాలం గోడల చెమ్మ, దండెం మీద ఎంతకీ ఆరని బట్టలు, పెద్దమ్మ వేయించే పల్లీల కమ్మదనం, అట్టముక్కల కిరీటాలు పెట్టుకుని వాకిట్లో మేం చేసిన కత్తియుద్ధాలు, అన్నీ ఆ రాగాల మధ్యే నడిచేవి. పెద్దమ్మకు చదువు రాకపోయినా ఆయన పాడే పద్యాలన్నీ నోటికి వచ్చు. పల్లీలు తిప్పుతూనే తప్పులు పట్టేది.

ఒక యేడు వినాయక చవితి ముందు ఆయన గొంతు బొంగురుపోయింది. శొంఠి కషాయం, మిరియాల పాలు అన్నీ అయ్యాక దవాఖానకు పోతే, గొంతులో గడ్డ ఉందని, పండుగ కాగానే కోసి తీయాలని, అందాకా గొంతెత్తవద్దని డాక్టరు చెప్పాడు. మళ్లీ పాట వస్తుందో రాదో తనకూ తెలియదన్నాడు.

"గొంతు పోతే పోనియ్యి, పద్యం పోవద్దు. ఈసారి నాటకం వీడియో తీపిస్త. నేర్చుకునేటోళ్లు సూసి నేర్చుకుంటరు" అన్నాడు పెద్దనాయిన.

పెద్దమ్మ చేతిలోని గరిటెను నేలకు కొట్టింది. "నాకు వీడియో వద్దయ్యా, మనిషి గావాలె!"

ఆమె మాట ఆయన వినలేదు. మా గల్లీ వినాయకుడి ముందు టెంటు వేశారు, అందరికీ కుడుములు, పులిహోర పంచారు. టార్పాలిన్ మీద వాన టపటపా కొడుతుండగానే తెర లేచింది. వీడియోకు ఎల్‌బీ నగర్‌లో స్టూడియో పెట్టుకున్న కోస్తా అతన్ని పిలిచారు. పెళ్లిళ్లు తీయడంలో అతనిది అందె వేసిన చేయి, పద్యనాటకం మాత్రం ఎన్నడూ చూసినవాడు కాడు.

పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అని అరుస్తారు, నటుడు దాన్ని మళ్లీ పాడతాడు. యుద్ధానికి పోయే రాజు తల్లి దగ్గర సెలవు తీసుకునే పద్యం పెద్దనాయినది. మొదటిసారి రుచి చూపించి వదిలేసి, రెండోసారి కడుపు నింపేవాడు. వీడియో పెట్టించింది ఆ రెండోసారి కోసమే. ఆ సంగతి కెమెరా అతనికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు, మా గల్లీలో తెలియనివాళ్లు ఉంటే కదా!

మొదటిసారి గండం గడిచింది. టెంటంతా "వన్స్‌మోర్" అని లేచింది. ఆ అరుపులకే కెమెరా లైటు జనం మీదికి తిరిగి మా కళ్లు బైర్లు కమ్మాయి. ముందు వరసలో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఆయన వైపే చూస్తూ వద్దని తల ఊపింది. నా చెయ్యి ఆమె పిడికిట్లో ఉంది, ఆమె గాజులు నా మణికట్టులో దిగబడుతున్నాయి. పెద్దనాయిన ఆమెను చూశాడు, చూసే ఎత్తుకున్నాడు. చివరి రాగంలో గొంతు జీరపోయింది, పగిలింది, మళ్లీ నిలబడి పైకి పోయింది. రాజు దుఃఖాన్ని అలా పలికించాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక కెమెరా అతను నవ్వుతూ వచ్చాడు. "ఆ పద్యం ఇందాకే వచ్చేసిందండీ, ఉన్నదే మళ్లీ ఎందుకని జనాల్ని తీశాను. మీ ఇంటోళ్లంతా వీడియోలో బాగా పడ్డారండి."

పెద్దనాయిన అతని భుజం తట్టాడు. ఆపరేషన్‌తో మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. తర్వాత మార్కెట్లో మాట్లాడకుండా బత్తాయిలు ఏరుతూ కూర్చునేవాడు. ఆ కెమెరా అతని మీద కోపం నాకు చాలా ఏళ్లు పోలేదు.

ఇప్పుడు ఆ మార్కెట్ కొత్తపేటలో లేదు, మా కిరాయి ఇల్లు లేదు, పెద్దనాయిన, పెద్దమ్మ లేరు. వినాయకుడి టెంట్లలో పద్యం ఎత్తుకునేవాళ్లు కూడా లేరు. మొన్న ఈ వీడియోలో ఆ పద్యం రెండోసారి వచ్చినప్పుడు ఒక పిల్లవాడు అడిగాడు. "మేడం, సారే కనబడ్తలేడు. గంత పెద్ద రాగంల దమ్ము యాడ తీస్కున్నడో ఎట్ల తెలుస్తది?"

"ఆమెను చూడు" అన్నాను.

తెర మీద పెద్దమ్మ వద్దని తల ఊపుతుంది. పద్యం మొదలవగానే ఆ తల ఆగిపోతుంది, పెదవులు కదులుతాయి. ఆయన ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఆమె రొమ్ము లేస్తుంది. గొంతు పగిలిన చోట ఆమె చెయ్యి తన గొంతు మీదికే పోతుంది, రాగం నిలబడేదాకా కిందికి దిగదు. పిల్లలు ఆమెను చూస్తూ, ఆమెతోపాటు ఊపిరి బిగబట్టి, ఆమెతోపాటే వదిలారు. పెద్దనాయిన కోరిన చదువు ఇదే, కాకపోతే అది ఆయన ముఖం మీద దొరకలేదు.

వీడియో అయిపోగానే పిల్లలు మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. పెద్దమ్మ మళ్లీ వద్దని తల ఊపింది.