అక్క కలిపిన ముద్ద

పక్కింటివాళ్లు రేపటి సద్దుల బతుకమ్మకు నువ్వులు వేయిస్తున్నారు. కిటికీలోంచి ఆ వాసన వస్తుంటే చేతిలో పని ఆగిపోయింది. ఈ వాసనకు ఎవరికైనా పండుగ గుర్తొస్తుంది, నాకు అనసూయక్క గుర్తొస్తుంది. సిరిసిల్లలో ఆమెకు లంగాలు కుట్టే షెడ్డు ఉండేది. నేను అందులో మిషన్ కుట్టేదాన్ని. గట్టి మనిషి, గొంతు అంతకంటే గట్టిది. ఆమె కేకేస్తే నడుస్తున్న మిషన్లన్నీ ఆగేవి.

ఆ ఏడు కోరుట్లలో మా తమ్ముడు రమేశ్‌కు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాది ఇస్తానన్నాను. పరీక్షలన్నీ కుదిరాయి గానీ నా బరువు చూసి డాక్టర్ ఒప్పుకోలేదు, ముందు తగ్గి రమ్మన్నాడు. నా ఒంటి బరువుకూ తమ్ముడి ప్రాణానికీ ముడిపడిందని తెలిశాక అన్నం చూస్తేనే భయం పుట్టింది. పొద్దున మానేశాను, రాత్రి మానేశాను. కొన్నాళ్లు బిగబట్టడం, ఆపైన ఆగలేక గిన్నె ఊడ్చుకు తినడం. కాటా మీద మాత్రం ముల్లు కదిలేది కాదు.

బతుకమ్మలను నీళ్లలో వదిలాక ఆడవాళ్లందరం కూర్చుని ఇంట్లో చేసి తెచ్చిన సద్దులు పంచుకోవడం మా దగ్గర ఆచారం. ఒకరు పెట్టింది ఇంకొకరు కాదనరు. ఆసారి నేను కాదన్నాను. మలీద పెట్టబోయిన ముసలమ్మ చిన్నబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తీరా ఇంటికొచ్చాక, రొట్టె బెల్లం కలిపి నేను చేసిన మలీదలో మిగిలిందంతా నిలబడే తినేశాను. మర్నాడు మిషన్ ముందు ఏడుస్తుంటే అక్క స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

“అంతా ఖరాబ్ చేసిన అక్కా. ఇగ నాతోని కాదు.”

“ఏం ఖరాబ్ చేసినవ్? మలీద తిన్నవ్, గంతే గదా. పోగు తెగిందని సాంచె మీదున్న బట్టంత కోసి పారేస్తమా? ముడేసి నడిపిస్తం. గా ముసలామె పెట్టిన పిడికెడు అందరి ముంగట తింటే అయిపోతుండె. ఇంట్ల దొంగ తిండి తినుడు తప్పుతుండె.”

మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. అక్కకు ఏ సంగతి చెప్పాలన్నా సాంచె కావాలి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకునేది. ముందు కూర, పప్పు, ఆ తర్వాతే చిన్న గిన్నెడు అన్నం. ఏదీ మానమనలేదు. పెళ్లికి పోతే కొంచెం బగారా అన్నం తినమనేది. “మల్ల పూటకు మామూలుగ తిను, పస్తు పండకు” అనేది. సాయంత్రం షెడ్డు మూసి ఇద్దరం నడిచేవాళ్లం. ఆమెకు మోకాళ్ల నొప్పులు, రావద్దంటే నన్నే తిట్టేది. ఎండాకాలం వచ్చేసరికి నా జాకెట్లు వదులయ్యాయి. డాక్టర్ సరేనన్నాడు.

ఆపరేషన్‌కు ముందే రమేశ్‌కు ఇన్‌ఫెక్షన్ సోకింది. మళ్లీ లేవలేదు.

అమ్మగారింట్లో ఓ మూల కూర్చుని నేనేమీ ముట్టలేదు. అక్క బాక్సులో పప్పన్నం పెట్టుకుని బస్సెక్కి కోరుట్లకు వచ్చింది. ఆమెను చూడగానే, లోపల తొలుస్తున్న మాట బయటికొచ్చేసింది.

“పస్తులుండి జల్ది తగ్గితే నా తమ్ముడు బతికేటోడా అక్కా?”

కాదని ఒక్క మాటంటే నా ప్రాణం కుదుటపడేది. వచ్చినవాళ్లందరూ అదే అంటున్నారు. అక్క బాక్సు మూత తీసింది.

“ఏమో చెల్లె, నాకు ఎరుక లేదు. నాకు తోచింది నీకు చెప్పిన. గది తప్పయితే గా తప్పు నాది, నువ్వు మొయ్యకు. తిను.”

ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. “తిను” అని మళ్లీ బతిమాలింది. అంత గట్టి మనిషి అలా బతిమాలడం చూడలేక నోరు తెరిచాను.

అక్క కూడా ఇప్పుడు లేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకింకా తెలియదు. ఒంటి బరువు కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది, నేను మాత్రం ఏ పూటా పస్తు పండను. తమ్ముడికిద్దామనుకున్న కిడ్నీ నాలోనే ఉండిపోయింది. అది వాడిది, దాన్ని పస్తులతో మాడ్చే హక్కు నాకు లేదు.