గేజి ఒకరు, చాబి ఒకరు

మా జిరాక్స్ దుకాణం పక్క షెడ్డులో ఉండే మెకానిక్ ఉస్తాద్ చనిపోయి నెలన్నర దాటింది. ఆ పొద్దున నేను షటర్ ఎత్తుతుంటే ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన రోడ్డు దాటి వచ్చి, "ఉస్తాద్ లేడక్కా. తెల్లారంగ పానం పోయింది" అన్నాడు. నేను సరే అని తలూపి మెషిన్ ఆన్ చేశాను. ఆ మాట లోపలికి దిగడానికి గంట పట్టింది. దిగాక మెషిన్ ఆపేసి, మధ్యాహ్నం దాకా స్టూలు మీద ఊరికే కూర్చున్నాను.

కరీంనగర్‌లో పాత కారు కొన్నవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. మీకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని తళతళా కడిగించి, మీటర్ వెనక్కి తిప్పి అమ్మడం పెద్ద విద్యేమీ కాదు. ఉస్తాద్ రంగూ చూసేవారు కాదు, మీటరూ చూసేవారు కాదు. ఇంజన్ దమ్ము చూసేవారు. సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో చెప్పే కంప్రెషన్‌కు ఆయన పెట్టుకున్న పేరు అది. ముందు బండిని బాగా వేడెక్కేదాకా తిప్పుకు రమ్మనేవారు. కొనగానే పూజకు కొండగట్టు పోవాలని తొందరపడేవాళ్లతో, అంజన్న ఎక్కడికీ పోడు గానీ చల్లటి ఇంజన్ మాత్రం అబద్ధం చెబుతుందని అనేవారు. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి పాత పేపరు మీద వరుసగా పేర్చి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించి చాబి, అంటే బండి తాళం, తిప్పించేవారు. ముల్లు ఎంత లేస్తే ఆ సిలిండర్‌కు అంత దమ్ము.

"బండి ముసల్దైతే తప్పు కాదు. నాలుగు దమ్ములు నాలుగు తీర్లుంటెనే తప్పు" అనేవారు.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు నిలబడి గేజి చూడాలి. ఇంకొకరు సీట్లో కూర్చొని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి చాబి తిప్పాలి. ఏళ్ల తరబడి ఆ చాబి తిప్పింది ఆయన భార్య. నేను భాభీ అని పిలిచేదాన్ని. షెడ్డు వెనక గదిలోనే వాళ్ల కాపురం. పొయ్యి మీద కూర ఉంటే మంట తగ్గించి మరీ వచ్చి కూర్చునేది. బానెట్ లేచి ఉంటుంది కనుక ఒకరికొకరు కనపడరు. ఆయన "తిప్పు" అంటే తిప్పేది, "బస్" అంటే ఆపేది.

ఆమె పోయాక చాలా రోజులు ఆయన ఏ బండీ చూడలేదు. ఒక మధ్యాహ్నం నా దుకాణం గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. లోపలికి ఎప్పుడూ రారు, తన బట్టల నూనె కాగితాలకు అంటుతుందని భయం. ఆర్సీ కాపీ కావాలన్నా రెండు వేళ్ల కొసలతో పట్టుకొచ్చేవారు.

"చెల్లె, జర వచ్చి చాబి తిప్పుతవా? ఒక్కనితోని అయ్యే పని కాదు గిది" అన్నారు.

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. పొద్దంతా మెషిన్ చప్పుడు తప్ప నాకు వేరే తోడు లేదు. ఉస్తాద్‌కు మనిషి ఎంత అవసరమో నాకూ అంతే అవసరమని అప్పుడు చెప్పలేదు, వెళ్లి కూర్చున్నాను. అలా ఆరేళ్లు.

ఇప్పుడు నేను చేసిన ఒక పాడు పని చెప్పాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మా తమ్ముడు టాక్సీ నడుపుకుందామని ఒక పాత కారు చూశాడు. అమ్మేవాడు శ్రీరాంపూర్ బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. బండి గురించి చెబుతున్నంతసేపూ దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. గేజి తక్కువ చూపిస్తే ధర దిగుతుందని నాకు తెలుసు. యాక్సిలరేటర్ సగమే తొక్కాను. గాలి చాలక ముల్లు సరిగ్గా లేవలేదు. నాలుగు సిలిండర్లకూ అంతే. ఆ పెద్దమనిషి మొహం వాడిపోవడం అద్దంలోంచి కనపడింది.

ముసలి ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్ ముందు అలుస్తుంది, నాలుగూ ఒక్కసారే ఒక్క తీరుగా అలవవు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, ఉస్తాద్‌కు తెలుసు. కిటికీ దగ్గరికి వచ్చారు. నా మొహం చూడలేదు, కాళ్లకేసి చూశారు.

"చెల్లె, చెప్పులు అడ్డమొస్తున్నట్టున్నయ్. ఇడిసి కూసో."

అంతే అన్నారు. చెప్పులు బయట విడిచి, ఈసారి పూర్తిగా తొక్కాను. ముల్లు నిటారుగా లేచింది. తమ్ముడు ఆ బండిని న్యాయమైన ధరకే కొన్నాడు, ఇప్పటికీ అదే నడుపుతున్నాడు. ఉస్తాద్ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మర్నాడు కూడా నన్నే పిలిచారు. తప్పయింది భాయ్ అందామని ఎన్నిసార్లో అనుకున్నాను. పక్కనే ఉన్న మనిషి కదా, ఎప్పుడైనా చెప్పొచ్చులే అని ఊరుకున్నాను. అప్పటినుంచి ఏ బండి ఎక్కినా చెప్పులు మాత్రం బయటే విడిచేదాన్ని.

మొన్న నిర్మల్ నుంచి ఆయన కూతురు వచ్చింది. షెడ్డు ముందు నిలబెట్టి ఉన్న ఆయన సొంత కారును అమ్మక తప్పదంది. కొనేవాళ్లు తమ మెకానిక్‌ను తెచ్చుకున్నారు. అతను ప్లగ్గులు విప్పి, జర కూర్చుంటారా అని నన్నే అడిగాడు.

కూర్చున్నాను. బానెట్ లేచి ఉంది. సగం తొక్కితే చాలు, వీళ్లు వద్దని పోతారు, బండి ఇక్కడే ఉంటుంది, రేపు షటర్ ఎత్తేటప్పుడు పక్కన కనపడుతుంది అనిపించింది. నా కాలు సగంలోనే ఆగింది. కిందికి చూస్తే కాళ్లకు చెప్పులున్నాయి.

దిగి, చెప్పులు బయట విడిచి, మళ్లీ కూర్చొని పూర్తిగా తొక్కాను. చాబి తిప్పాను. అతను ఆపమని రెండుసార్లు అన్నాడు. వినపడుతూనే ఉంది. నా చెయ్యి మాత్రం "బస్" అనే మాట కోసం చూస్తోంది.

"నాలుగు ఒక్క తీర్గనే ఉన్నయక్కా. ఎవరో మంచిగ సూసుకున్నరు" అన్నాడు ప్లగ్గులు బిగిస్తూ.

సాయంత్రానికి బండి తీసుకుపోయారు. అది మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి తిరిగాను. అన్నేళ్లు అది నిలబడ్డ చోట నేల మీద నూనె మరక ఉంది. దాని పక్కన నా చెప్పులున్నాయి.