మా వదిన మీద మోపిన జబ్బు

మా వదిన పోయిన సోమవారం నరసరావుపేట ఆసుపత్రిలో కన్నుమూసింది. కబురు తెచ్చినవాడు "చక్కెర జబ్బావిడ పోయింది" అన్నాడు. ఊరికి ఆమె గుర్తు అదే. ఆ గుర్తు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆమెది తెనాలి అవతల, కాలవల కింద ఊరు. వాళ్ల నాన్నకీ, ఇద్దరన్నలకీ ఈ జబ్బే. మా నకరికల్లు పక్క మెట్ట ఊళ్లలో అప్పటికి దాని పేరు కూడా ఎవరం వినలేదు. వదినకు నలభై దాటాక విపరీతమైన దాహం పట్టుకుంది. ఆమె మూత్రానికి పోయినచోట చీమలు చేరడం మా అమ్మ చూసింది.

"ఆ కాలవ నీళ్లు తాగిన ఒళ్లు. మనకీ అంటిస్తది. ఏమే, రేపట్నించి సంగటి కుండ ముట్టుకోమాక."

"అంటుకునేదైతే ముందు మీ పెద్దబ్బాయికి అంటాల గదా అత్తా. ఆయనేమో దున్నపోతల్లే ఉండాడు" అంది వదిన.

అన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మా ఇంట్లో సంగటి తిప్పిన చెయ్యే ముద్దలు చేసి అందరికీ పెట్టాలి. ఆ పని ఆమెకు లేకుండా పోయింది. అమ్మ ఊళ్లో లేని ఒక పూట, వదిన ముద్ద చేసి నా కంచంలో పెట్టబోయింది. నేను కంచం వెనక్కి లాక్కున్నాను.

పేట డాక్టరు చెప్పాక ఆమె పుట్టింటి బియ్యంతో వండుకునే వరన్నం మానేసి జొన్నకు అలవాటుపడింది. "మీకీ జబ్బు లేంది మీ గొప్పేం గాదు మరిదీ. జొన్న తింటారు, రాళ్లల్లో నడుస్తారు. మావోళ్లు మూడు పూటలా వరన్నం తిని అరుగెక్కుతారు" అనేది. నేను నమ్మలేదు. ఏదో దాస్తోందనుకున్నాను.

అమ్మ పోయాక సాగరు కాలవ మాకూ వచ్చింది. మాగాణి అయింది, ఇంట్లో వరన్నమయింది. చేలో నా నడకా తగ్గింది. కొన్నాళ్లకు నాకూ దాహం మొదలైంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. వదినే కనిపెట్టింది.

ఆమె ఇంట్లోనే పరీక్ష చేసుకునేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచేది. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. నాది ఇంకో గొట్టంలో పోసి కాస్తే ఇటుక రంగుకు తిరిగింది.

"నీ దగ్గర్నించే వచ్చిందా వదినా?" అన్నాను.

"నేను పెట్టిన ముద్ద ఎప్పుడన్నా తింటివా, నా దగ్గర్నించి రావడానికి?"

ఆ పూట తిన్నాను.

ఊళ్లో మాత్రం ఆమె నా సంగతి చెప్పలేదు, నేనూ చెప్పలేదు. జబ్బు పేరు ఆమె ఒక్కతే మోసింది. ఇవాళ రాస్తున్నాను.

వంటింటి కిటికీలో రెండు గాజు గొట్టాలు బోర్లించి ఉన్నాయి. ఆసుపత్రికి పోయేముందు ఆమె కడిగి పెట్టినవే. ఏది ఆమెదో, ఏది నాదో ఎంత చూసినా తెలియడం లేదు.